యుద్ధకాలంలో బడి, ప్రశ్న
(ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

మిత్రులందరికీ నమస్కారం.

ముందుగా మీకొక లెక్క చదివి వినిపిస్తాను. నాలుగో తరగతి లెక్క. "కలాష్నికోవ్ తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో పోతుంది. ఒక రష్యన్ సైనికుడు ముజాహిద్‌కు 3200 మీటర్ల దూరంలో ఉన్నాడు. ముజాహిద్ అతని తలకు గురిపెట్టి కాల్చాడు. తూటా అతని నుదుటికి తగలడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?"

జవాబు నాలుగు సెకన్లు. భాగహారం నేర్పడానికి బాగా కుదిరిన అంకెలు, శేషం కూడా రాదు. 1980లలో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఉన్న రోజుల్లో అఫ్గాన్ పిల్లల కోసం తయారైన పుస్తకంలోది ఈ లెక్క. ముజాహిద్ అంటే ఆ సైన్యంతో పోరాడిన అఫ్గాన్ యోధుడు. డబ్బు అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ది. తయారీ బాధ్యత ఒమాహాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానిది. అక్షరాలు నేర్పే పుస్తకాల్లో కూడా తుపాకులు, తూటాలు, మందుపాతరలు ఉండేవి. తర్వాత వచ్చిన తాలిబాన్ కూడా అవే పుస్తకాలు వాడుకుంది. బొమ్మల్లో మనుషుల ముఖాలు మాత్రం చెరిపేసి, తుపాకుల్ని అలాగే ఉంచింది.

యుద్ధం బడిని ఏం చేస్తుంది అనగానే మనందరికీ కళ్ళముందు మెదిలేవి కూలిన గోడలు. ఆ గోడల గురించీ మాట్లాడతాను. కానీ ఈ లెక్క చేసిన పిల్లల సంగతి చూడండి. వాళ్ళకి బడి ఉంది. పాఠం చెప్పే మనిషి ఉన్నాడు, చేతిలో పుస్తకం ఉంది, హాజరు పట్టీలో పేరు ఉంది. అయినా యుద్ధం ఆ బడిని పూర్తిగా ఆక్రమించింది. "ఆ రష్యన్ ఎవరు? వాడి నుదుటినే ఎందుకు కొట్టాలి?" అని ఆ తరగతిలో ఒక్క పిల్లవాడు అడగగలడా? నేనివాళ చెప్పాలనుకుంటున్నది ఇదే. యుద్ధం బడిలోంచి అన్నిటికన్నా ముందు ఎత్తుకుపోయేది పిల్లల ప్రశ్నని. బాంబు పడని దేశాల్లో కూడా ఎత్తుకుపోతుంది. యుద్ధం ముగిశాక గోడలు కట్టుకోవచ్చు. ప్రశ్న మాత్రం దానంతటది తిరిగిరాదు.

గోడల సంగతి చూద్దాం. సుడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైన కొద్ది నెలలకే దాదాపు 1.9 కోట్ల మంది పిల్లలు బడికి దూరమయ్యారని యూనిసెఫ్ చెప్పింది. గాజాలో 2023 అక్టోబరు తర్వాత చదువు ఆగిపోయిన విద్యార్థులు 6,25,000 మంది అని ఐక్యరాజ్యసమితి లెక్క. అక్కడ నిలబడి ఉన్న బడులు ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలకు తలదాచుకునే చోట్లయ్యాయి. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో 2023 సెప్టెంబరు నుంచి మెట్రో రైలు స్టేషన్లలో దాదాపు 60 తరగతి గదులు ఏర్పాటు చేసి పాఠాలు చెప్పారు. 2024 మేలో పూర్తిగా నేల కిందే కట్టిన బడిని తెరిచారు. ఆ బడికి కిటికీలు ఉండవు. బయట ఆడుకోవడానికి గంట కొట్టడమూ ఉండదు.

సైన్యాలకి, సాయుధ దళాలకి బడి ఎందుకు కావాలి? బడికి ప్రహరీ ఉంటుంది, గట్టి పైకప్పు ఉంటుంది, నీళ్ళు, మరుగుదొడ్లు ఉంటాయి, వాహనాలు నిలపడానికి మైదానం ఉంటుంది. చాలా చోట్ల ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ భవనం అదే. ఇంగ్లండ్‌లో సమ్మర్‌హిల్ అనే బడి ఉంది. పిల్లలూ పెద్దలూ సభలో కూర్చుని, తలా ఒక ఓటుతో బడి నియమాలు తామే పెట్టుకునే చోటు అది. ప్రజాస్వామ్య బడి అనగానే చాలామంది మొదట చెప్పే పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్నీ సైన్యం తీసుకుంది. బడి వేల్స్‌లోని ఫెస్టినియోగ్‌కి తరలిపోయింది. మన దేశంలో, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సాగిన పోరాటానికి సంబంధించిన కేసులో బడులనూ ఆశ్రమ పాఠశాలలనూ భద్రతా బలగాలు ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

బలగాలు ఒక్క రాత్రి దిగినా ఆ బడి అవతలి పక్షానికి గురి అవుతుంది. విద్యకోసం ఉన్న భవనం మీద కావాలని దాడి చేయడం యుద్ధ నేరమని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు రోమ్ శాసనం చెబుతోంది. కానీ అందులోనే ఒక షరతు ఉంది: ఆ భవనం సైనిక లక్ష్యం అయివుండకూడదు. అంటే లోపల సైనికులు పడుకుంటే పిల్లలకున్న ఆ రక్షణ సన్నగిల్లిపోతుంది. ఈ సందు మూయాలనే, బడుల్ని సైనిక అవసరాలకి వాడకుండా చూస్తామనే సురక్షిత పాఠశాలల ప్రకటన 2015లో ఓస్లోలో వచ్చింది. నార్వే, అర్జెంటీనా చొరవ చూపాయి. 120కి పైగా దేశాలు చేరాయి. మన దేశం చేరలేదు. చేరమని అడగాల్సిన వాళ్ళలో ముందువరసలో ఉండాల్సింది మనమే.

బడి మూతపడ్డాక ఏమవుతుందో మీకు విడమరచి చెప్పనక్కరలేదు. మగపిల్లలు పనికో, తుపాకి పట్టడానికో పోతారు. ఆడపిల్లలకి పెళ్ళి చేసేస్తారు. జీతం రాని టీచరు ఊరొదిలి వెళ్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి పదేళ్ళ వయసున్న జర్మన్, ఆస్ట్రియన్ పిల్లలు పెద్దయ్యాక, యుద్ధం అయిన నలభై ఏళ్ళకి కూడా వాళ్ళ సంపాదనలో ఆ కోల్పోయిన చదువు తాలూకు లోటు కనిపించిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

ఇప్పుడు బాంబు పడని చోటికి వద్దాం. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇక్కడే.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. యుద్ధం జరుగుతున్నది సముద్రం అవతల. ఒక్క బడి మీదా గుండు పడలేదు. కానీ జర్మన్ భాష శత్రువు భాష అయిపోయింది. 1919లో, అంటే యుద్ధం ఆగిపోయాక, నెబ్రాస్కా రాష్ట్రం ఒక చట్టం చేసింది: ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి పరాయి భాష నేర్పడం నేరం. 1920 మేలో రాబర్ట్ మేయర్ అనే టీచరు ఒక పదేళ్ళ పిల్లవాడికి బైబిల్ కథ జర్మన్‌లో చదివిస్తుండగా పట్టుకున్నారు. పాతిక డాలర్ల జరిమానా వేశారు. ఆయన కోర్టుకెక్కితే 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఒక టీచరు కథ చదివించినందుకు మూడేళ్ళు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

అదే దేశంలో రెండో యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. 1942 జనవరిలో వెస్ట్ వర్జీనియా విద్యామండలి బడుల్లో జెండా వందనాన్ని తప్పనిసరి చేసింది. యెహోవా సాక్షుల మతానికి చెందిన కుటుంబాల పిల్లలు, దేవుడికి తప్ప దేనికీ వందనం చేయం అన్నారు. వాళ్ళని బడి నుంచి పంపేశారు. అక్కడితో ఆగలేదు. పంపేసిన పిల్ల బడికి రావడం లేదు కాబట్టి అది అక్రమ గైర్హాజరట, అందుకు తల్లిదండ్రులకి జరిమానా, జైలు! అంతకు రెండేళ్ళ ముందే, 1940లో, ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో బడి పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్వాత ఆ మతం వాళ్ళ మీద చాలా ఊళ్ళలో దాడులు జరిగాయి.

అయితే 1943 జూన్ 14న అదే కోర్టు తన మాట వెనక్కి తీసుకుంది. బార్నెట్ కేసు అంటారు. యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాసిన ఆ తీర్పులో రెండు మాటలు మనం గుర్తుపెట్టుకోవాలి. బలవంతంగా తెచ్చిన ఏకాభిప్రాయం శ్మశానంలో ఉండే ఏకాభిప్రాయమే అన్నారు. రెండోది నేరుగా మనకి సంబంధించింది. బడులు పిల్లల్ని పౌరులుగా తయారుచేస్తున్నాయి గనుకే వ్యక్తి స్వేచ్ఛను అక్కడ మరింత జాగ్రత్తగా కాపాడాలి, లేకపోతే స్వేచ్ఛగా ఆలోచించే మనసుని మొదట్లోనే నులిమేసినట్టు అన్నారు. రాజ్యాంగంలో రాసుకున్నవన్నీ ఉత్త మాటలేనని పిల్లలకి మనమే నేర్పినట్టు అవుతుందనీ అన్నారు. మన కేరళలో అదే మతానికి చెందిన, జాతీయ గీతం పాడకుండా, కానీ గౌరవంగా లేచి నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని 1985లో బడి నుంచి తీసేస్తే, 1986లో మన సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఈ బార్నెట్ కేసుని ప్రస్తావించారు.

"యుద్ధం వచ్చినప్పుడు దేశమంతా ఒక్క మాట మీద ఉండాలి కదా, తరగతిలో చర్చలకి అదా సమయం?" అని మంచి టీచర్లే అడుగుతారు. వాళ్ళని తేలిగ్గా తీసిపారేయను. పిల్లలు భయపడుతున్నప్పుడు స్థిమితంగా ఉండటం టీచరు పని. కానీ భయపడే పిల్లవాడి నోరు మూయిస్తే భయం తగ్గదు. వాడు ఆ ప్రశ్నని ఫోన్ దగ్గరికి పట్టుకెళ్తాడు. అక్కడ వాడికి దొరికే జవాబు మనం ఇచ్చేదానికన్నా చాలా క్రూరంగా ఉంటుంది.

ప్రశ్న లేకుండా ఒక తరమంతా చదువుకుంటే ఏమవుతుందో జపాన్ చూసింది. 1890 నాటి విద్యా రాజశాసనాన్ని బడుల్లో గంభీరంగా చదివేవారు. అవసరమైతే ధైర్యంగా దేశానికి తమను అర్పించుకుని చక్రవర్తి సింహాసనాన్ని కాపాడాలని అందులో ఉంది. 1945లో, యుద్ధం ముంచెత్తిన ఒకినావా దీవిలో 222 మంది బడిపిల్లల్ని, 18 మంది టీచర్లని సైనిక ఆస్పత్రులలో నర్సింగ్ పనికి పంపారు. గుహల్లో ఆస్పత్రులు. ఆ విద్యార్థులందరూ ఆడపిల్లలే. ఆ 240 మందిలో 136 మంది చనిపోయారు. దేశం ఓడిపోయాక, కొత్త పుస్తకాలు అచ్చువేసే వ్యవధి లేక, పాత పుస్తకాలనే పిల్లల ముందు పెట్టారు. టీచరు పేజీ చెప్తారు, పంక్తులు చెప్తారు. పిల్లలు సిరా, కుంచె తీసుకుని ఆ పంక్తుల మీద నల్లగా పూసేస్తారు. నిన్నటిదాకా కంఠస్థం చేయించిన పంక్తులవి. చేయించిన టీచరే ఇప్పుడు చెరిపేయమంటున్నారు. ఎందుకు నమ్మాలో అప్పుడెవరూ చెప్పలేదు, ఎందుకు చెరపాలో ఇప్పుడూ ఎవరూ చెప్పడం లేదు. ఆ టీచర్లలో ఎందరో ఆ బరువు జీవితాంతం మోశారు. 1951లో జపాన్ ఉపాధ్యాయ సంఘం "మా విద్యార్థుల్ని మళ్ళీ యుద్ధరంగానికి పంపం" అన్న నినాదం తీసుకుంది. అది ఎవరో రాసిచ్చిన నినాదం కాదు, పంపినవాళ్ళే ఇచ్చిన మాట.

మరి టీచర్లు ఒప్పుకోకపోతే? ఈ ప్రశ్నకి జవాబు నార్వేలో ఉంది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1940లో జర్మనీ నార్వేని ఆక్రమించింది. 1942 ఫిబ్రవరిలో, నాజీల అండతో ప్రధాని అయిన క్విస్లింగ్ రెండు చట్టాలు తెచ్చాడు. ఒకటి, టీచర్లందరూ ప్రభుత్వం పెట్టిన కొత్త సంఘంలో ఉండి తీరాలి. రెండోది, పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలందరూ నాజీ తరహా యువజన సంస్థలో చేరి తీరాలి. టీచర్లు సమ్మె చేయలేదు, ఊరేగింపు తీయలేదు. రహస్యంగా ఒక చిన్న ఉత్తరం నమూనా చేతులు మారింది. పిల్లల్ని మీరు చెప్పిన పద్ధతిలో పెంచడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు, ఈ కొత్త సంఘంలో నన్ను సభ్యుడిగా లెక్కపెట్టకండి అని సారాంశం. ప్రతి టీచరూ దాన్ని తన పేరుతో రాసి, సంతకం పెట్టి పంపాలి. దేశంలో ఉన్న దాదాపు 14,000 మంది టీచర్లలో 12,000 మంది పంపారు. ఆకాశరామన్న ఉత్తరాలు కావవి. పేరు, చిరునామా రాసి ఆక్రమణ ప్రభుత్వానికి పంపినవి.

ప్రభుత్వం పొయ్యిలకి కట్టెలు లేవన్న సాకుతో బడుల్ని ఒక నెల మూసేసింది. అప్పుడు తల్లిదండ్రుల నుంచి ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి: మా పిల్లల్ని ఆ సంస్థలో చేర్చం. మార్చిలో దాదాపు 1,100 మంది టీచర్లని పట్టుకెళ్ళారు. శిబిరాల్లో మంచులో పాకించారు, తిండి తగ్గించారు, సంతకం వెనక్కి తీసుకుంటే ఇంటికి పంపుతామన్నారు. వెనక్కి తీసుకున్నవాళ్ళు కొద్దిమందే. దాదాపు 500 మందిని షెర్‌స్టాడ్ అనే పాత ఓడలో కుక్కి, ఉత్తర కొసన ఉన్న కిర్కెనెస్‌కి పంపారు. అక్కడ రేవులో జర్మన్ సైన్యానికి సరుకు దించే పని. ఈలోగా బడులు తెరిచారు. బయట మిగిలిన టీచర్లు తరగతిలోకి వచ్చి, తాము ఆ సంఘంలో లేమనీ తమ వృత్తి ధర్మానికి కట్టుబడి ఉంటామనీ పిల్లల ముందు చదివి వినిపించి పాఠం మొదలుపెట్టారు.

మే నెలలో క్విస్లింగ్ ఓస్లో దగ్గర స్టాబెక్ బడికి వెళ్ళి టీచర్ల మీద అరిచాడు. "మీరు నాకు అంతా నాశనం చేశారు" అన్నాడు. అన్నమాట నిజమే. టీచర్లతో మొదలుపెట్టి ఒక్కో వృత్తినీ ప్రభుత్వ సంఘాల కిందికి తేవాలన్న ఆయన పథకం అక్కడే ఆగిపోయింది. ఆ ఏడాది నవంబరుకల్లా కిర్కెనెస్ వెళ్ళినవాళ్ళు ఇళ్ళకి చేరారు. ఆ వసంతంలో పిల్లలు నేర్చుకున్న పౌరశాస్త్రం ఏ పుస్తకంలో ఉంటుంది చెప్పండి?

పోలండ్‌లో అంత వెసులుబాటు కూడా లేదు. అక్కడ ఆక్రమణదారుల ఉద్దేశమే వేరు. 1940 మేలో నాజీ నాయకుడు హిమ్లర్ రాసిన పత్రం ఉంది. తూర్పున ఉన్న జర్మనేతరుల పిల్లలకి నాలుగు తరగతులు చాలు. లెక్కలు 500 దాకా వస్తే చాలు. పేరు రాయడం రావాలి. జర్మన్లకి విధేయంగా ఉండటం దేవుడి ఆజ్ఞ అని నేర్పాలి. "చదవడం అవసరమని నేననుకోను" అని కూడా రాశాడు. ప్రశ్నకి ఎంత భయపడ్డారో చూడండి, రాయడం నేర్పుతారట గానీ చదవడం వద్దట. ఆ పత్రానికి ముందే, 1939 అక్టోబరులోనే పోలిష్ టీచర్లు రహస్య సంఘం పెట్టుకుని, ఇళ్ళలో చిన్న చిన్న గుంపులుగా హైస్కూలు చదువు, కాలేజీ చదువు చెప్పారు. దొరికితే శిబిరమో, మరణమో.

ఆ పోలండ్ రాజధాని వార్సాలోనే యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు యూదు పిల్లల కోసం నడిపిన అనాథాశ్రమం ఉండేది. అక్కడ పిల్లల న్యాయస్థానం నడిచేది. ఎవరి మీదైనా ఎవరైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. ఆ వారం తమ మీద ఏ ఫిర్యాదూ లేని పిల్లల్లోంచి చీటీ తీసి ఐదుగురిని న్యాయమూర్తులుగా పెట్టేవారు. శిక్షాస్మృతి మొదలయ్యేదే క్షమతో: ఎవరైనా తప్పు చేస్తే క్షమించడమే మేలు, తెలియక చేసుంటే ఇప్పుడు తెలిసింది కదా అని. టీచర్ల మీద కూడా కేసులు పడేవి. కోర్చాక్ మీద పిల్లలు కేసు పెట్టారు, ఆయన ఆ న్యాయమూర్తుల ముందు నిలబడ్డాడు. ఆశ్రమాన్ని, యూదుల్ని బంధించి ఉంచిన గెట్టో అనే పేటలోకి తోసేసి, తిండికి కరువైన రోజుల్లోనూ ఆయన పిల్లల మర్యాదని తగ్గనివ్వలేదు. 1942 ఆగస్టు మొదట్లో ఆయన్నీ, ఆయన సహోద్యోగులనీ, దాదాపు 200 మంది పిల్లలనీ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకెళ్ళి చంపేశారు. బతకడానికి వీల్లేదని తీర్మానించేసిన పిల్లలకి కూడా తమ మాట వినిపించే హక్కు ఉందని నమ్మిన మనిషి ఆయన. పరీక్షలు దగ్గరపడ్డాయని తరగతి సభని వాయిదా వేసేటప్పుడు ఈయన్ని తలుచుకోవాలి మనం.

యుద్ధం ఆగిపోయాక బడి బాగుపడుతుందా? రెండు దారులూ ఉన్నాయి. ఇటలీలో రెజియో ఎమీలియా దగ్గర విల్లా చెల్లా అనే పల్లెలో 1945 వసంతంలో, జర్మన్లు వదిలేసి పోయిన ట్యాంకు, కొన్ని లారీలు, గుర్రాలు అమ్మి ఆ డబ్బుతో ఊరివాళ్ళు చిన్నపిల్లల బడి కట్టుకున్నారు. కూలిన ఇళ్ళ ఇటుకలు తెచ్చి శుభ్రం చేసి వాడారు. సంగతి తెలిసి లోరిస్ మలగుజ్జి అనే యువ ఉపాధ్యాయుడు సైకిలెక్కి చూడటానికి వెళ్ళాడు. పిల్లల మాట వినడమే చదువుకి మొదలు అని ఈనాడు ప్రపంచం చెప్పుకునే రెజియో పద్ధతి అక్కడ మొదలైంది.

రెండో దారి బోస్నియా. అక్కడ జాతుల మధ్య యుద్ధం ఆగి 1995లో శాంతి ఒప్పందం కుదిరింది. కానీ యాభైకి పైగా చోట్ల "ఒకే కప్పు కింద రెండు బడులు" మిగిలాయి. బోస్నియాక్ పిల్లలకో వాకిలి, క్రొయేట్ పిల్లలకో వాకిలి. లేదా వాళ్ళకి పొద్దున, వీళ్ళకి మధ్యాహ్నం. చరిత్ర పుస్తకాలు వేరు, నిన్నటి యుద్ధంలో తప్పెవరిదో కూడా వేరు. యాయ్‌త్సే పట్టణంలో ఉమ్మడి హైస్కూలుని కూడా ఇలాగే విడదీయాలని అధికారులు చూస్తే 2016లో విద్యార్థులే రోడ్డెక్కారు. మేం కలిసే చదువుకుంటాం అన్నారు. మరుసటి ఏడాది అధికారులు వెనక్కి తగ్గారు. 2018లో ఆ విద్యార్థులకి, అల్పసంఖ్యాక జాతుల మేలుకోసం పనిచేసినవారికి ఇచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ పురస్కారం వచ్చింది. వాళ్ళెవరూ ఆ యుద్ధాన్ని చూడలేదు. అది ముగిశాక పుట్టినవాళ్ళే.

ఇక మన పని. యుద్ధ వార్తలు వచ్చిన మర్నాడు పొద్దున్నే తరగతిలోకి వెళ్తాం. పిల్లలు రాత్రంతా వీడియోలు చూసి వచ్చివుంటారు. మొదట చూడాల్సింది, ఆ గదిలో ఎవరిని అందరూ వేలెత్తి చూపిస్తున్నారని. పేరుని బట్టి, మతాన్ని బట్టి ఒక పిల్లని "వాళ్ళ మనిషి" చేసేస్తే, వెంటనే ఆపాలి, అందరి ముందే ఆపాలి. ఆ పిల్లని లేపి "నువ్వేమంటావ్?" అని అడగకూడదు. అది చర్చ కాదు, విచారణ. సైన్యంలో తండ్రో అన్నో ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్ళకి మాట్లాడే హక్కూ ఉంది, మాట్లాడకుండా ఉండే హక్కూ ఉంది. వీడియో చూపిస్తే, ఇది ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు, మనకెలా తెలుసు అని కలిసి వెతకాలి. నాకు తెలియంది నాకు తెలియదని టీచరు చెప్పాలి. తరగతి సభ, విద్యార్థి ఎన్నికలు ఏవైనా ఉంటే వాటిని మాత్రం ఆపకండి. "పరిస్థితులు బాగాలేవు" అని మొదట వాయిదా పడేవి అవే, ఆ తర్వాత వాటిని ఎవరూ మొదలుపెట్టరు.

ఇదంతా ఒక్క టీచరు ఒంటరిగా చేస్తే ఉద్యోగం మీదికి వస్తుంది. నార్వేలో 12,000 ఉత్తరాలు ఒకేసారి వెళ్ళాయి కాబట్టే నిలిచాయి. అరెస్టయిన వాళ్ళ కుటుంబాలకి తోటివాళ్ళు డబ్బు కూడగట్టి ఇచ్చారు. అందుకే ఈ మధ్యాహ్నం చర్చకి పెట్టిన ముసాయిదా తీర్మానంలో మూడు అంశాలు చేర్చాం: సురక్షిత పాఠశాలల ప్రకటనలో మన దేశం చేరాలని కోరడం, తరగతిలో ప్రశ్నలు రానిచ్చినందుకు చర్య ఎదుర్కొనే టీచరుకి న్యాయ సహాయ నిధి పెట్టడం, శరణార్థి పిల్లల్ని కాగితాలు లేవన్న కారణంతో వెనక్కి పంపకుండా చేర్చుకోవడం. రెండో అంశం మీద మా కమిటీలోనే తేడాలున్నాయి, అవి కూడా ముసాయిదా వెనక పేజీలో అచ్చువేశాం. భోజనాలయ్యేలోగా చదవండి. ఒప్పుకోని చోట గీత గీసి, ఎందుకు ఒప్పుకోరో పక్కన రాసుకుని రండి.